చాప్టరు గదిలో సామాన్యుడు

ఆంథొనీ ట్రాలప్ 1855లో ‘ది వార్డెన్’ అనే నవల ప్రచురించాడు. బార్చెస్టర్ అనే కల్పిత పట్టణం, అందులో ఒక కేథడ్రల్, దాని నీడలో ఒక వృద్ధాశ్రమం. ఆశ్రమంలో పన్నెండుమంది ముసలివాళ్ళు. ఎప్పుడో ఉన్ని వ్యాపారం చేసి గడించిన ఒక దాత తన భూములు రాసిచ్చి పెట్టిన ధర్మం అది. కాలం గడిచి భూముల విలువ పెరిగింది. పెరిగిన ఆదాయం ఆశ్రమ పెద్ద హార్డింగ్ గారి జీతంలోకి పోయింది. ఆయనకు ఏడాదికి 800 పౌన్లు, ఉండడానికి ఇల్లు. ముసలివాళ్ళకు రోజుకు తలా ఒక షిల్లింగు నాలుగు పెన్నీలు. హార్డింగ్ దుర్మార్గుడు కాడు. తన డబ్బులోంచి ఒక్కొక్కరికీ మరో రెండు పెన్నీలు కలిపి ఇచ్చే దయగలవాడు. ఈ లెక్క న్యాయమేనా అని ఊళ్ళో ఒక యువకుడు అడుగుతాడు. పత్రికలు అందుకుంటాయి. లాయర్లు దిగుతారు. చివరకు హార్డింగ్ మనస్సాక్షికి తలవంచి పదవి వదులుకుంటాడు. ఆ ఖాళీ ఎవరూ నింపరు. చనిపోయిన ముసలివాళ్ళ స్థానంలోకి కొత్తవాళ్ళు రారు. మిగిలినవాళ్ళకు ఆ రెండు పెన్నీలు కూడా పోతాయి.

ఇంగ్లీషు సాహిత్యం పాఠాలు చెప్పేవాళ్ళు ఈ నవలను ఒక మంచి మనిషి అంతస్సంఘర్షణగా వివరిస్తారు. ఆ వివరణ తప్పు కాదు. అయితే చరిత్ర దృష్టితో చదివేవాళ్ళకు ఇందులో మరొకటి కనిపిస్తుంది. కథలో బిషప్పు ఉన్నాడు, ఆర్చిడీకన్ ఉన్నాడు, లాయరున్నాడు, పత్రికాధిపతి ఉన్నాడు. ఆ ముసలివాళ్ళ తరఫునగాని, ఊరి తరఫునగాని, లోపలి గదిలో హక్కుగా కూర్చుని లెక్కల పుస్తకం తెరవమని అడగగల సామాన్యుడు ఒక్కడూ లేడు. ట్రాలప్ మరిచిపోయి ఆ పాత్రను వదిలేశాడని అనుకోనక్కరలేదు. ఆనాటి ఇంగ్లండు కేథడ్రల్‌లో అలాంటి కుర్చీయే లేదు.

ఇవాళ ఉంది. ఇంగ్లండులోని దాదాపు ప్రతి ఆంగ్లికన్ కేథడ్రల్ పాలకవర్గంలో గురుపట్టం లేని మనుషులు, జీతం పుచ్చుకోకుండా, సభ్యులుగా పనిచేస్తున్నారు. ఆ కుర్చీ ఎలా వచ్చింది? ఎవరు వేశారు? అందులో ఎవరు కూర్చుంటున్నారు? ఈ ప్రశ్నలకు జవాబు వెతికితే మతసంస్థల చరిత్రే కాదు, ప్రజల కష్టంతో నిలిచే ఏ సంస్థకైనా ఉండే పాలన సమస్య అర్థమవుతుంది.

మాన్యాలవాళ్ళ సభ

ముందు మాటల సంగతి చూద్దాం. కేథడ్రల్ అంటే బిషప్పు పీఠం ఉన్న గుడి. ‘కతెద్ర’ అంటే కుర్చీ. బిషప్పు కుర్చీ అక్కడ ఉంటుందేగాని గుడి పాలన మాత్రం ఆయన చేతిలో ఉండదు. డీన్ అనే పెద్ద, ఆయనతో పాటు కానన్లనే గురువులు, వీళ్ళంతా కలిసిన సభ పాలిస్తుంది. ఆ సభ పేరు ‘చాప్టరు’. మధ్యయుగాల మఠాల్లో సన్యాసులు రోజూ ఒక గదిలో కూడి బెనెడిక్టు నియమావళిలోంచి ఒక అధ్యాయం చదువుకుని, తర్వాత మఠం వ్యవహారాలు మాట్లాడుకునేవారు. అధ్యాయం పేరే ఆ గదికీ, అక్కడ కూడే సభకూ వచ్చింది.

ఇక గురుపట్టం లేని విశ్వాసిని ఇంగ్లీషులో ‘లే’ మనిషి అంటారు. మన తెలుగు క్రైస్తవులు సంఘస్థుడు అంటారు. ఆ ఇంగ్లీషు మాటకు మూలం గ్రీకులోని ‘లాఓస్’. అర్థం ప్రజ. ఇంత గొప్ప అర్థం ఉన్న మాట కాలక్రమాన ‘తెలియనివాడు’, ‘ఆ విద్య రానివాడు’ అనే అర్థానికి దిగిపోయింది. డాక్టర్లూ లాయర్లూ కూడా తమ వృత్తి బయటివాళ్ళను ఇదే మాటతో పిలుస్తారు. మాట పతనంలో మనిషి స్థానం ఎలా దిగజారిందో కనిపిస్తుంది.

ఇంగ్లండులోని పాత కేథడ్రళ్ళు రెండు రకాలు. కాంటర్‌బరీ, డరమ్, వించెస్టర్, రాచెస్టర్ వంటివి మఠాలు. అక్కడ సన్యాసులదే పాలన. యార్క్, లింకన్, సాల్స్‌బరీ, లండన్‌లోని సెయింట్ పాల్స్ వంటివి మఠాలు కావు. అక్కడ కానన్లు పాలించేవారు. ఈ రెండో రకంలో ఒక్కొక్క కానన్‌కు ఒక్కొక్క మాన్యం ఉండేది. ఊరో, పొలమో, దాని శిస్తో అతని వాటా. చాలామంది ఆ మాన్యం తింటూ కేథడ్రల్ ముఖం చూడకుండా రాజుగారి కొలువులోనో, మరో ఊళ్ళోనో బతికేవారు. వాళ్ళ బదులు పాటలు పాడడానికి, ప్రార్థనలు నడపడానికి తక్కువ జీతానికి మనుషుల్ని పెట్టేవారు. అగ్రహారాలూ ఈనాం భూములూ ఎరిగిన మన పాఠకులకు ఈ ఏర్పాటు వేరే వివరించనక్కరలేదు.

మరి సంఘస్థుడు ఎక్కడున్నాడు? రాయి చెక్కినవాడు అతనే. సీసం కరిగించి కప్పు వేసినవాడు, గంట పోతపోసినవాడు, మొక్కుబడి చెల్లించినవాడు అతనే. మాన్యం పొలాల్లో దుక్కి దున్నినవాడూ అతనే. గాయకబృందంలో జీతానికి పాడే గృహస్థులకు ‘లే క్లర్కు’ అనే పేరు ఈనాటికీ ఉంది. అంటే కేథడ్రల్ జీతాల పట్టీలో ‘లే’ అనే మాట చాలాకాలంగా ఉంది. చాప్టరు సభ్యుల పట్టీలో లేదు.

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. అదే ఇంగ్లండులో ఊరి చిన్న గుడిలో పరిస్థితి ఇందుకు భిన్నం. అక్కడ చర్చివార్డెన్లనే సంఘస్థులు మధ్యయుగాల నుంచీ ఊరివాళ్ళ తరఫున గుడి సొత్తు కాపాడుతూ జమాఖర్చులు రాసేవారు. ఆ లెక్కల పుస్తకాలు కొన్ని ఇప్పటికీ మిగిలి, చరిత్రకారులకు గ్రామ జీవితాన్ని చూపిస్తున్నాయి. చిన్న గుడిలో కొవ్వొత్తుల ఖర్చు లెక్క చూడగల రైతు, పెద్ద గుడి గడప దగ్గరకు వచ్చేసరికి ప్రేక్షకుడైపోయాడు. ఆస్తి ఎక్కడ చిన్నదో అక్కడ ప్రజకు పాలు దొరికింది. ఎక్కడ పెద్దదో అక్కడ తలుపు మూసుకుంది.

బయటినుంచి పడిన దెబ్బలు

తలుపు తెరవకపోయినా దాన్ని బయటినుంచి బాదినవాళ్ళు ఉన్నారు. మొదట రాజు. 1536 నుంచి 1540 దాకా ఎనిమిదో హెన్రీ మఠాలను మూయించాడు. మఠాలుగా ఉన్న కేథడ్రళ్ళలో సన్యాసుల స్థానంలో డీన్‌నూ కానన్లనూ కూర్చోబెట్టి కొత్త నిబంధనలు రాయించాడు. సన్యాసులు పోయారు, మాన్యాలు చాలావరకు మిగిలాయి, అనుభవించేవాళ్ళు మారారు. సంఘస్థుడి స్థానం మారలేదు.

తర్వాతి దెబ్బ విప్లవం. 1649లో, రాజు తల తీసిన ఏడాదే, పార్లమెంటు డీన్‌లనూ చాప్టర్లనూ రద్దుచేసి వాళ్ళ భూములు అమ్మకానికి పెట్టింది. మన వంటివాళ్ళకు ఈ ఘట్టం ఉత్సాహం కలిగించవచ్చు. కాని ఆ భూములు కొన్నది ప్రధానంగా డబ్బున్నవాళ్ళే. దున్నేవాడికి మాన్యం దక్కలేదు. 1660లో రాజు తిరిగి రాగానే డీన్‌లూ చాప్టర్లూ తిరిగి వచ్చారు. ఒక పాలకవర్గాన్ని రద్దుచేయడం వేరు, దాన్ని ప్రజలది చేయడం వేరు. ఇంగ్లండు మొదటి పని పదకొండేళ్ళపాటు చేసింది. రెండోది తలపెట్టలేదు.

పంతొమ్మిదో శతాబ్దంలో పెట్టుబడిదారీ వర్గం బలపడి, 1832లో ఓటుహక్కు సంస్కరణ వచ్చాక, ఈ పనిలేని పదవుల మీద విమర్శ పెరిగింది. డరమ్ చాప్టరు దగ్గర అపారమైన ఆస్తి ఉంది, దాని భూముల కింద బొగ్గుంది. పార్లమెంటు లాక్కోకముందే తామే ఒక మంచిపని చేసి చూపిస్తే నయమని, ఆ ఆస్తిలో కొంత ఇచ్చి 1832లో డరమ్ విశ్వవిద్యాలయం పెట్టించారు. భయం కూడా ఒక్కోసారి విద్యాదానం చేయిస్తుంది! 1836లో ఎక్లీసియాస్టికల్ కమిషనర్లనే సంస్థ ఏర్పడింది. 1840 చట్టం సాధారణంగా కేథడ్రల్‌కు నలుగురు కానన్లు చాలునంది. నివాసం లేని కానన్ల పేర్లు మిగిల్చి, మాన్యాలు తీసుకుని, ఆ డబ్బును బీద పారిష్‌లకు మళ్ళించింది. సెయింట్ పాల్స్ కానన్, గొప్ప హాస్యరచయిత సిడ్నీ స్మిత్ ఈ సంస్కరణల మీద పదునైన లేఖలు రాశాడు. జీవితమంతా సంస్కరణల పక్షాన రాసిన మనిషి, సంస్కరణ తన గది దాకా వచ్చేసరికి ఎదురుతిరిగాడు. రచయితలమైన మనం ఆ ఉదాహరణ గుర్తుంచుకోవడం మంచిది.

ఆ రోజుల్లోనే రాచెస్టర్‌లో జరిగిన గొడవ నన్ను ఎక్కువ ఆకర్షించింది. అందులో కథానాయకుడు బడిపంతులు కావడమే కారణం కావచ్చు. రాబర్ట్ విస్టన్ అక్కడి కేథడ్రల్ బడికి ప్రధానోపాధ్యాయుడు. గురుపట్టం ఉన్నవాడే, అయితే చాప్టరు సభ్యుడు కాడు. హెన్రీ కాలం నిబంధనల్లో డీన్‌కు ఇంత, కానన్లకు ఇంత, బీద విద్యార్థులకు ఇంత అని రాసి ఉంది. మూడువందల ఏళ్ళలో భూముల ఆదాయం ఎన్నో రెట్లయింది. డీన్, కానన్ల వాటా దానితోపాటు పెరిగింది. పిల్లల భత్యం మాత్రం పదహారో శతాబ్దపు అంకె దగ్గరే ఆగిపోయింది. విస్టన్ నిబంధనల మూలం సంపాదించి, లెక్కలు కట్టి, 1849లో ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. చాప్టరు ఆయనను ఉద్యోగంలోంచి తీసేసింది. ఆయన ఏళ్ళ తరబడి పోరాడి తిరిగి అదే ఉద్యోగంలో చేరాడు. పిల్లల భత్యమూ పెరిగింది. ట్రాలప్ తన నవలలో విస్టన్ పేరు ప్రస్తావించాడు. ‘ది వార్డెన్’ వెనక ఉన్న వాస్తవాల్లో ఇదొకటి.

విస్టన్ చేసిన పని ఏమిటి? ఒక పత్రాన్ని చదివాడు. రెండు అంకెలను పక్కపక్కన పెట్టాడు. ఆ పని చేయడానికి ఆయన ఉద్యోగం పణంగా పెట్టవలసి వచ్చింది. ఎందుకంటే ఆ లెక్క అడిగే హక్కున్న కుర్చీ లోపల లేదు.

జెండాలు లోపలికి, మనుషులు బయట

ఇరవయ్యో శతాబ్దంలో ఆంగ్లికన్ చర్చిలో సంఘస్థుడికి కొన్ని తలుపులు తెరుచుకున్నాయి. 1919 చట్టంతో చర్చికి స్వంత శాసనసభ వచ్చింది. అందులో బిషప్పులకూ గురువులకూ తోడు సంఘస్థులకు ప్రత్యేక సభ ఏర్పడింది. స్త్రీలకూ అందులో చోటు దొరికింది. 1921లో పారిష్ కౌన్సిళ్ళకు చట్టబద్ధమైన అధికారాలు వచ్చాయి. ఊరి గుడిలో వడ్రంగి, టీచరు, గృహిణి ఎన్నికై కూర్చుని ఖర్చులు నిర్ణయించవచ్చు. కేథడ్రల్ ఈ వెల్లువకు చాలావరకు అందని దిబ్బలా మిగిలింది.

ఆ దూరం ఎంతటిదో డరమ్ చెబుతుంది. అక్కడి బొగ్గుగని కార్మికులు 1871 నుంచి ఏటా పెద్ద జాతర జరుపుకుంటారు. గని గనికీ ఒక పట్టుజెండా, ఒక బ్యాండు. ఆ ఏడాది గనిలో చావు జరిగితే జెండాకు నల్లగుడ్డ కడతారు. పంతొమ్మిదో శతాబ్దం చివరినుంచి ఆ జెండాలు కేథడ్రల్‌లోకి ఊరేగింపుగా వెళ్ళి దీవెన పొందే ఆచారం ఉంది. గనులు మూతబడ్డా ఆచారం పోలేదు. వెయ్యేళ్ళకు చేరువైన ఆ రాతి స్తంభాల మధ్య బ్యాండు మోగుతుంటే కార్మికుల జెండాలు నడిచి రావడం అపురూపమైన దృశ్యం.

కాని 1925 జాతరలో మరొకటి జరిగింది. గనుల యజమానులు కూలి తగ్గించాలని చూస్తున్న రోజులవి. డరమ్ బిషప్పు హెన్సన్ కార్మికుల సమ్మెలను బహిరంగంగా తప్పుపట్టాడు. జాతరనాడు నది ఒడ్డున కనిపించిన డీన్ వెల్డన్‌నే బిషప్పనుకుని కొందరు కార్మికులు చుట్టుముట్టి, నదిలోకి తోసేదాకా వచ్చారు. పోలీసులు ఆయనను తప్పించారు. పాపం, మనిషి పొరపాటు. అయితే ఆ పొరపాటులో ఒక నిజం ఉంది. ఏటా తమ జెండాలను దీవించే గుడిని పాలించేవాళ్ళెవరో, బిషప్పు ముఖమేదో డీన్ ముఖమేదో కూడా ఆ కార్మికులకు తెలియదు. జెండా పూజాపీఠం దాకా వెళ్ళగలిగింది. జెండా మోసినవాడు చాప్టరు గది దాకా వెళ్ళలేకపోయాడు.

అప్పులు తెరిచిన తలుపు

చివరకు తలుపు తెరిచింది ఉద్యమాలు కావు, అప్పులూ అపవాదులూ. 1988లో హెరెఫర్డ్ చాప్టరు గుడి మరమ్మతులకూ ఖర్చులకూ డబ్బు చాలక, 1300 ప్రాంతంలో తోలు మీద గీసిన ప్రపంచపటాన్ని అమ్మకానికి పెట్టబోయింది. దేశమంతా గగ్గోలెత్తింది. విరాళాలతోనూ ప్రభుత్వ సంబంధమైన నిధితోనూ అది అక్కడే నిలిచింది. అదే ఏడాది లింకన్ కేథడ్రల్ తన దగ్గరున్న మాగ్నాకార్టా ప్రతిని ఆస్ట్రేలియా ప్రదర్శనకు పంపి, లాభం మాట అటుంచి, నష్టంతో తిరిగి తెచ్చుకుంది. దానిమీద లోపలివాళ్ళ తగాదాలు ఏళ్ళ తరబడి పత్రికలకెక్కాయి. రాజు అధికారానికి హద్దులు పెట్టిన పత్రం, తనను కాపాడేవాళ్ళ లెక్కలను బజారుకీడ్చింది.

వీటి నేపథ్యంలో లేడీ హౌ అధ్యక్షతన ఏర్పడిన కమిషన్ 1994లో నివేదిక ఇచ్చింది. దాని ఫలితమే 1999 కేథడ్రల్స్ చట్టం. ఆ చట్టం చాప్టరులో సంఘస్థులు సభ్యులుగా ఉండి తీరాలని శాసించింది. మఠాల కాలంనుంచి లెక్కపెట్టుకుంటే కొన్ని వందల ఏళ్ళకు కుర్చీ వచ్చింది. ఈ కుర్చీతో స్త్రీలకూ దారి సుగమమైంది. ఆంగ్లికన్ చర్చి ఇంగ్లండులో స్త్రీలకు మొదటిసారి గురుపట్టం ఇచ్చిందే 1994లో.

కుర్చీ వచ్చినంత మాత్రాన సమస్య తీరిందా? 2011 అక్టోబరు 15న లండన్‌లో బ్యాంకుల దోపిడీకి వ్యతిరేకంగా వచ్చిన ‘ఆక్యుపై’ ఉద్యమకారులు సెయింట్ పాల్స్ మెట్ల ముందు గుడారాలు వేశారు. ఆరోగ్యం, భద్రత కారణాలు చెప్పి కేథడ్రల్ వారంపాటు మూసేశారు. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులు పడ్డ రోజుల తర్వాత అది మూతబడడం అదే మొదలు. గుడారాలను కోర్టుద్వారా ఖాళీ చేయించాలనే ఆలోచనకు చాప్టరు మొగ్గింది. బలప్రయోగానికి దారితీసే నిర్ణయంలో తాను భాగం కాలేనని కానన్ జైల్స్ ఫ్రేజర్ 27న రాజీనామా చేశాడు. నాలుగు రోజులకు డీన్ కూడా తప్పుకున్నాడు. చాప్టరు అప్పుడు వెనక్కి తగ్గింది. గుడారాలు 2012 ఫిబ్రవరి చివర, నగర కార్పొరేషన్ వేసిన దావా మీద, తొలగిపోయాయి. ఈ గొడవలో మరో ముచ్చట. బ్యాంకుల వాళ్ళ నీతినియమాల మీద ఆ కేథడ్రల్‌కు చెందిన సంస్థే ఒక నివేదిక తయారుచేయించింది. సరిగ్గా అక్టోబరు చివర రావలసిన ఆ నివేదికను అప్పటికి ఆపి, నవంబరులో బయటపెట్టారు.

సంఘస్థులకు చోటున్న చాప్టరు కాలంలోనే ఇదంతా జరిగింది. ముందుగా పదవి వదులుకుని నిరసన తెలిపింది గురువే. దీన్నిబట్టి సంఘస్థుడు వస్తే చాలు, న్యాయం దానంతటదే వస్తుందనే అమాయకత్వం పనికిరాదని తేలుతుంది. ఏ సంఘస్థుడు? ఎక్కడినుంచి వచ్చాడు? ఎవరికి జవాబు చెబుతాడు? ఇవి అడగాలి.

ఇవాళ ఆ కుర్చీలో

2016లో పీటర్‌బరో కేథడ్రల్‌లో ఉద్యోగులకు జీతాలిచ్చేందుకు కూడా నగదు లేని స్థితి వచ్చింది. చర్చి కేంద్రసంస్థ అప్పిచ్చి ఆదుకుంది. కొందరి ఉద్యోగాలు పోయాయి. డీన్ తప్పుకున్నాడు. విచారణ, దానిమీద ఒక కార్యవర్గం, 2018లో దాని నివేదిక, చివరకు 2021లో కొత్త చట్టం. ఈ చట్టం ప్రకారం చాప్టరులో జీతం తీసుకుని పనిచేసేవాళ్ళకన్నా బయటినుంచి వచ్చే సభ్యులే ఎక్కువమంది ఉండాలి. ఆ బయటివాళ్ళలో అత్యధికులు సంఘస్థులు. అధ్యక్షుడు డీనే. అయితే ఆర్థిక సంఘం, ఆడిట్ సంఘం తప్పనిసరి. అంతవరకు ప్రభుత్వ చారిటీ కమిషన్ పరిధికి బయట ఉన్న కేథడ్రళ్ళు ఇప్పుడు దాని పుస్తకాల్లోకి ఎక్కాయి. చాప్టరు సభ్యుడు చట్టం దృష్టిలో ధర్మకర్త.

ఈ ధర్మకర్త చేసే పని చూద్దాం. మామూలుగా మూడేళ్ళ పదవి, పొడిగించవచ్చు. జీతం లేదు, దారిఖర్చులు ఇస్తారు. సమావేశానికి ముందు కాగితాల కట్ట వస్తుంది. బడ్జెటు, గాయకుల జీతాలు, కప్పుమీది సీసపు రేకుల పరిస్థితి, అయిదేళ్ళకోసారి ఆర్కిటెక్టు ఇచ్చే తనిఖీ నివేదిక, చూడవచ్చేవాళ్ళ దగ్గర టిక్కెట్టు వసూలు చేయాలా వద్దా అనే చర్చ. వీటన్నిటికన్నా బరువైనది పిల్లల భద్రత. ఇంగ్లండులో పిల్లలమీద లైంగిక అత్యాచారాలపై ఏర్పడిన స్వతంత్ర విచారణ సంఘం, చర్చి పిల్లలను కాపాడడంలో విఫలమైందని, పరువు కాపాడుకోవడానికి ప్రాధాన్యం ఇచ్చిందని 2020లో తేల్చింది. గౌరవనీయులైన గురువుల ఎదుట ‘ఈ ఫిర్యాదు ఏమైంది?’ అని అడగడం చాప్టరు గదిలో కూర్చునే సంఘస్థుడి విధి. అడగకపోతే నష్టపోయేది లెక్కల్లోని పౌన్లు కాదు, ఒక పిల్లవాడి జీవితం.

ఇంత బరువైన పని జీతం లేకుండా చేసేవాళ్ళను తక్కువ చేసి మాట్లాడడం తగదు. చాలామంది ఉద్యోగాలు చేసుకుంటూ, సాయంకాలాలు వెచ్చించి, నిజాయితీగా ఈ చాకిరీ చేస్తున్నారు. అయినా ఒక మాట చెప్పక తప్పదు. ఈ కుర్చీకి మనుషుల్ని వెతికేటప్పుడు ఎక్కువగా కోరేది అకౌంటెంట్లను, లాయర్లను, ఆస్తుల నిర్వహణ తెలిసినవాళ్ళను, విరాళాలు సేకరించగలవాళ్ళను. కష్టాల్లోంచి పుట్టిన కుర్చీ కాబట్టి ఆ అవసరం అర్థం చేసుకోదగినదే. కాని జీతం లేని పదవికి తీరికా స్థోమతా ఉన్నవాళ్ళే రాగలరు. రాత్రి షిఫ్టులో గుడి ఊడ్చే మనిషి ఆ కాగితాల కట్ట ఎప్పుడు చదువుతుంది? ‘లాఓస్’ అంటే ప్రజ అనుకున్నాం. ప్రజలోంచి ఒక పొర మాత్రమే లోపలికి వెళ్ళింది. పైగా పారిష్ కౌన్సిలు లాగా ఇది సంఘమంతా ఓటువేసి పంపే పదవి కాదు. ప్రధానంగా ఎంపికచేసి నియమించే పదవి. తనను నియమించినవాళ్ళ ముఖంమీద ప్రశ్న అడగడం అందరికీ చేతకాదు.

ఇది ఇంగ్లండుకే పరిమితమైన జబ్బు కాదు. ఇరవై ఏళ్ళుగా బడిపంతులుగా ఉన్న నేను కమిటీ సమావేశాలు చాలా చూశాను. పుస్తకంలో అంతకుముందే రాసి ఉంచిన తీర్మానం కింద సంతకం చేసి, టీ తాగి వెళ్ళిపోయే సభ్యులను చూశాను. ఒకసారి ఒక కూలితల్లి లేచి, వచ్చిన డబ్బులో మరుగుదొడ్డికి ఎంత పెట్టారని అడిగింది. గదంతా నిశ్శబ్దమైపోయింది. చదువున్న సభ్యులకు తట్టని ప్రశ్న ఆమెకు తట్టింది, ఎందుకంటే ఆమె కూతురు ఆ బళ్ళో చదువుతోంది. నైపుణ్యం అవసరమే. కాని నష్టపోయేది ఎవరో వాళ్ళు గదిలో ఉండడం అంతకన్నా అవసరం.

మన గడ్డ మీది కేథడ్రళ్ళు

ఈ చరిత్రకు తెలుగునేలతో సంబంధం లేకపోలేదు. 1912లో భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకం పొందిన వి.యస్. అజరయ్య దోర్నకల్ పీఠానికే వచ్చాడు. ఆయన సంఘంలో అత్యధికులు మాల, మాదిగ కూలీలు. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ కేథడ్రల్‌లో ఇంగ్లండు గోపురాలకు బదులు మన గుళ్ళ స్తంభాలూ మసీదుల గుమ్మటాలూ కనిపిస్తాయి. వెస్లియన్ మిషనరీ పాస్నెట్ కట్టించిన మెదక్ చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రారంభమైంది. కరువు రోజుల్లో చుట్టుపక్కల జనానికి పని చూపించి, తిండి పెట్టి కట్టించాడని ఆ ప్రాంతమంతా ఇప్పటికీ చెప్పుకుంటుంది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక రెండూ ఆ సంఘపు కేథడ్రళ్ళయ్యాయి.

ఈ సంఘంలో కేథడ్రల్ కూడా ఒక పాస్టరేటే. దానికి సంఘస్థులతో కమిటీ ఉంటుంది. పై సభల్లోనూ సంఘస్థుల ప్రతినిధులుంటారు. ఇంగ్లండులో 1999 దాకా చట్టంతో తెరవవలసివచ్చిన తలుపు ఇక్కడ మొదటినుంచీ ఎంతోకొంత తెరిచే ఉంది. ఊళ్ళో గుడి మెట్లు ఎక్కనివ్వని కులాలవాళ్ళు, ఈ గుడి కమిటీలో పేరు చదివి, చేయెత్తి, ఖర్చు అడిగే చోటు సంపాదించుకున్నారు. సామాజిక చరిత్రలో ఇది చిన్న విషయం కాదు. ఎన్నికలున్నచోట ముఠాలూ పలుకుబడులూ వస్తాయన్నదీ నిజమే. అయినా ముఠాల భయంతో తలుపు మూసుకోవడం కన్నా తలుపు తెరిచి ముఠాలతో కొట్లాడడమే నయం. ఈ కమిటీ జీవితం మన కథల్లో ఎంత కనిపిస్తోంది? గుడి ముందు నిలబెట్టిన దళితుడి కథలు మనకున్నాయి, ఉండాలి. గుడి లెక్కలు అడిగిన దళితుడి కథ కూడా రావాలి.

మళ్ళీ ట్రాలప్ దగ్గరకు వద్దాం. ఆయన నవలలో అందరూ మనస్సాక్షి గురించి మాట్లాడతారు. ఒక మనస్సాక్షి మేలుకున్న ఫలితంగా పన్నెండుమంది ముసలివాళ్ళు ఉన్నదీ పోగొట్టుకున్నారు. దయగల పెద్దమనిషి ఉన్నంతకాలం రెండు పెన్నీలు వచ్చాయి. ఆయన పోగానే అవీ పోయాయి. దయ హక్కుగా మారాలంటే లెక్కల పుస్తకం ముందు కూర్చునేవాళ్ళలో ఆ ముసలివాళ్ళ మనిషి ఒకరుండాలి. ఇంగ్లండు కేథడ్రళ్ళు ఇన్నేళ్ళకు ఆ కుర్చీ వేశాయి. అందులో ఇవాళ ఎక్కువగా అకౌంటెంటు కూర్చున్నాడు. అతను మంచివాడే కావచ్చు, హార్డింగ్ కూడా మంచివాడే. ఆ పక్కన గని కార్మికుడి మనుమరాలికీ, గుడి ఊడ్చే మనిషికీ కుర్చీ వేసినప్పుడుగాని ఆ పాతమాట తన అర్థాన్ని తిరిగి తెచ్చుకోదు.